తన లెక్క కలపని ఉక్కు ముక్క

టార్క్ రెంచ్‌ని బోల్టు మీద పెట్టాలంటే సాకెట్ చాలు. కొలవాల్సిన చోట బోల్టే లేకపోతే? గేర్‌బాక్సులోంచి బయటికి వచ్చిన షాఫ్టుకు ఆరుపలకల తల ఉండదు, చుట్టూ స్ప్లైన్ పళ్ళు ఉంటాయి. వెనక చక్రం హబ్బుకు నాలుగైదు స్టడ్లు ఉంటాయి, నడుమ రెంచ్ పట్టే చోటు ఉండదు. మోటార్‌సైకిల్ క్లచ్ మీది గుండ్రటి నట్టుకు నాలుగు గాడులు తప్ప ఇంకేమీ ఉండదు. ఒక్కోసారి నట్టు ఉంటుంది, దానికి సరిపోయే సాకెట్ కూడా ఉంటుంది, కానీ ఆ సాకెట్ వెనక గుంట ఒక సైజు, మన చేతిలో ఉన్న రెంచ్ మొన ఇంకో సైజు. ఇలాంటి ప్రతిచోటా కొలిచే పనిముట్టుకూ కొలవబడే యంత్రానికీ మధ్య ఒక ఉక్కు ముక్క నిలబడాలి. అదే అడాప్టర్.

దాని పని రాయబారి పని. అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేయాలి, నడుమ తన మాట ఒక్కటీ కలపకూడదు. పనిమంతుడు చేసిన అడాప్టర్ ఉన్నా లేకపోయినా రెంచ్ మీద అంకె ఒకటే. ఆ అంకె మారకుండా ఉండటానికి లోహం, లెక్క, చేతిపని ఎంత కుదరాలో చూస్తే ఈ చిన్న వస్తువు మీద గౌరవం పుడుతుంది. బొటనవేలంత ఉండే ఈ ముక్కను దగ్గరగా పరిచయం చేయాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

సాకెట్ ఒకటి, దాన్ని తిప్పే పిడి ఒకటి, రెండింటినీ కలిపేది ఒక చతురస్రం. ఈ ఏర్పాటును జనంలోకి బలంగా తీసుకెళ్ళినవాళ్ళలో స్నాప్-ఆన్ ఒకటి. 1920లో అమెరికాలో మొదలైన ఈ సంస్థ 5 పిడులూ 10 సాకెట్లూ కలిసి 50 పానాల పని చేస్తాయని చెప్పి అమ్మింది. ఇవాళ చేతిపనిలో మనకు తరచు కనబడే చతురస్రాలు పావు అంగుళం, మూడు సూతులు, అర అంగుళం, ముప్పావు అంగుళం, ఒక అంగుళం. మిల్లీమీటర్లలో చెబితే 6.35, 9.53, 12.7, 19.05, 25.4. అంతా మెట్రిక్‌లోకి మారిన దేశాల్లో కూడా ఈ చతురస్రాలు అంగుళాల కొలతల్లోనే నిలిచిపోయాయి. ఐఎస్‌ఓ 1174 అనే ప్రమాణం వీటి పరిమితులను నిర్ణయిస్తుంది. అందుకే ఒక కంపెనీ రెంచ్‌లో ఇంకో కంపెనీ సాకెట్ కూర్చుంటుంది.

అడాప్టర్ అవసరం పూర్తిగా తెలియాలంటే వెనక ఇరుసులోని పినియన్ దగ్గరికి వెళ్ళాలి. క్రౌన్-పినియన్ జతలో చిన్న గేరును రెండు కోన్ బేరింగులు పట్టుకుని ఉంటాయి. వాటిని కొంచెం ఒత్తిడిలోనే బిగించి ఉంచాలి. ఒత్తిడి తక్కువైతే గేరు కదులుతుంది, బండి కూత పెడుతుంది. ఎక్కువైతే బేరింగులు వేడెక్కి అరిగిపోతాయి. చాలా బండ్లలో ఈ ఒత్తిడిని కుదిర్చేది ఒక మెత్తటి స్లీవ్. పినియన్ నట్టు బిగించే కొద్దీ అది నలుగుతుంది. నలగడం మొదలు కావడానికే తరచు 200 న్యూటన్ మీటర్లకు పైగా బలం కావాలి. అది నలుగుతున్నప్పుడు బేరింగుల ఒత్తిడి సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి పినియన్‌ను మెల్లగా తిప్పుతూ అది చూపే నిరోధాన్ని కొలుస్తారు. కొత్త బేరింగులకు ఆ అంకె సుమారు 2, 3 న్యూటన్ మీటర్లే. ఒకే నట్టు మీద ఒక కొలత వందల్లో ఉంటుంది, ఇంకోటి ఒంటి అంకెలో. నట్టు కొంచెం ఎక్కువ తిరిగిందా, స్లీవ్ ఎక్కువగా నలిగిపోతుంది. వెనక్కి తిప్పితే అది మళ్ళీ సాగదు. కొత్త స్లీవ్ వేసి పని మొదటి నుంచి చేయాల్సిందే.

పెద్ద కొలతకు అర అంగుళం రెంచ్ ఉంది. అది 2 న్యూటన్ మీటర్లను చదవలేదు. చిన్న కొలతను చదవగలిగేది పావు అంగుళం మొన ఉన్న ముల్లు రెంచ్. పినియన్ నట్టుకు పట్టే పెద్ద సాకెట్ వెనక ఉన్నది మాత్రం అర అంగుళం గుంట. దుకాణంలో సులువుగా దొరికే అడాప్టర్లు ఒక్కో మెట్టు ఎక్కించేవి: పావు నుంచి మూడు సూతులకు ఒకటి, మూడు సూతుల నుంచి అర అంగుళానికి ఇంకొకటి. రెండూ ఒకదాని మీద ఒకటి పెడితే పని నడుస్తుంది. కానీ చతురస్రం కూర్చునే ప్రతి చోటా కొద్దిపాటి సందు ఉంటుంది, ఆ సందు మేర రెంచ్ ఒరుగుతుంది. మూడు చతురస్రాల సందులు కలిస్తే ఒరుగుడు చేతికి తెలుస్తుంది. అందుకే మంచి టర్నర్ ఒకే ముక్కలో ఒక చివర పావు గుంట, రెండో చివర అర అంగుళం మొన ఉండేలా చేస్తాడు. మూడు వేళ్ళ మధ్య ఇమిడే ఆ ముక్కలో ఒక జోడు తగ్గింది. అది తగ్గిన మేర కొలత నిలకడగా వస్తుంది.

ఇక్కడే ఇంకో సంగతి ఉంది. పినియన్ అడ్డంగా ఉన్నప్పుడు, అంటే బండి కిందే పడుకుని కొలుస్తున్నప్పుడు, రెంచ్ సొంత బరువు కూడా షాఫ్టును తిప్పుతుంది. అరకిలో రెంచ్, దాని బరువు కేంద్రం షాఫ్టుకు 15 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. పిడి నేలకు సమాంతరంగా ఉన్నప్పుడు ఆ బరువు ఒక్కటే 0.74 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. కొలవాల్సిందే 2 అయినప్పుడు అది మూడోవంతు కంటే ఎక్కువ. పిడి ఒక పక్క దిగుతుంటే అంకె తగ్గుతుంది, రెండో పక్క ఎక్కుతుంటే పెరుగుతుంది. అందుకే తెలిసిన మెకానిక్ పిడి నిట్టనిలువుగా వచ్చే క్షణంలో ముల్లు చూస్తాడు. వీలుంటే హౌసింగును బల్ల మీద పినియన్ పైకి ఉండేలా నిలబెట్టి కొలుస్తాడు, అప్పుడు బరువు గొడవే ఉండదు. షాఫ్టు కదలడం మొదలైన మొదటి కుదుపును వదిలేసి, నిలకడగా తిరుగుతున్నప్పటి అంకెనే తీసుకుంటాడు. అడాప్టర్ గుండ్రంగా, బరువు అన్ని వైపులా సమంగా ఉండాలనే నియమం కూడా ఇక్కడి నుంచే వచ్చింది. ఒకవైపు బరువున్న అడాప్టర్ తన లెక్కను కొలతలో కలుపుతుంది.

అసలు ఏ అడాప్టర్ అంకెను మారుస్తుంది, ఏది మార్చదు? దీని మీద వర్క్‌షాపుల్లో ఎడతెగని వాదనలు నడుస్తుంటాయి. జవాబు తేలిక. రెంచ్ తిరిగే ఇరుసు, బోల్టు తిరిగే ఇరుసు ఒకే గీత మీద ఉంటే, నడుమ ఎంత పొడుగు ఎక్స్‌టెన్షన్ పెట్టినా నిలకడగా లాగినప్పుడు టార్క్ తగ్గదు. ఆ కడ్డీ మెలితిరుగుతుంది, అంతే. 12 మిల్లీమీటర్ల మందం, 25 సెంటీమీటర్ల పొడుగు ఉన్న ఉక్కు కడ్డీ 100 న్యూటన్ మీటర్లకు సుమారు 9 డిగ్రీలు మెలి తిరుగుతుంది. టార్క్ కొలతకు దీనితో నష్టం లేదు. కానీ సిలిండర్ హెడ్ బోల్టుల్లాగా ముందు ఇంత టార్క్, ఆ తర్వాత ఇన్ని డిగ్రీలు అని చెప్పే చోట, పిడి దగ్గర కోణం చదివితే ఈ మెలి కూడా బోల్టు లెక్కలో పడిపోతుంది. కోణాన్ని సాకెట్ దగ్గరే చదవాలి.

ఇరుసు పక్కకు జరిగితే మాత్రం లెక్క మారుతుంది. సాకెట్ పట్టని ఇరుకులో వాడే కాకిపాదం పానా రెంచ్ పిడికి కొనసాగింపుగా ముందుకు నిలిస్తే చేతి పొడుగు పెరిగినట్టే. పిడి పొడుగు 400 మిల్లీమీటర్లు, అడాప్టర్ ముందుకు వచ్చినది 50 మిల్లీమీటర్లు, బోల్టుకు కావాల్సింది 100 న్యూటన్ మీటర్లు అనుకోండి. 400ను 450తో భాగించి 100తో గుణిస్తే 89. రెంచ్‌ను అక్కడ పెట్టాలి. అదే అడాప్టర్‌ను పిడికి లంబకోణంలో తిప్పి పెడితే ఈ దిద్దుబాటు దాదాపు అవసరం ఉండదు. వంగి తిరిగే యూనివర్సల్ జాయింటుది ఇంకో కథ. 30 డిగ్రీల వంపులో అది తిరిగే స్థానాన్ని బట్టి టార్క్‌ను సుమారు 13 శాతం తగ్గించి గానీ 15 శాతం పెంచి గానీ చూపిస్తుంది. విప్పడానికి అది గొప్ప సహాయం, కొలవడానికి పనికిరాదు.

ఇక బలం సంగతి. చతురస్రపు కడ్డీని మెలితిప్పితే దాని బలం భుజం కొలత ఘనంతో పెరుగుతుంది. అర అంగుళం చతురస్రం పావు అంగుళం దానికంటే 8 రెట్లు బలం, మూడు సూతుల దానికంటే సుమారు 2.4 రెట్లు. మెట్టు దించే అడాప్టర్‌లో చిన్న మొన ఎప్పుడూ బలహీనమైన చోటు కావడానికి కారణం ఇదే. పెద్ద రెంచ్ బలమంతా ఆ చిన్న మొన మీద పడితే అది మెలితిరిగి పోతుంది. ఫ్రెంచి ఇంజనీరు సెయింట్-వెనాంట్ 1850ల దశకంలో గణితంతో చూపిన ఒక విషయం ఇక్కడ అచ్చంగా కనబడుతుంది. మెలిపడ్డ చతురస్రంలో అత్యధిక ఒత్తిడి మూలల్లో ఉండదు, ప్రతి పలక నడిమధ్యలో ఉంటుంది. అంచు మూలల్లో అది సున్నా. అందుకే మొన మూలలను కొంచెం అరగదీస్తే బలం పెద్దగా పోదు. కానీ పలక మధ్యలో గీత పడితే అది ప్రమాదం.

ఈ లెక్క ఉక్కు ఎంపికను కూడా నిర్ణయిస్తుంది. మెత్తటి ఇనుముతో చేసిన అర అంగుళం మొన సుమారు 60 న్యూటన్ మీటర్ల దగ్గరే శాశ్వతంగా మెలితిరగడం మొదలుపెడుతుంది. 200 న్యూటన్ మీటర్ల దగ్గర పలక మధ్యలో ఒత్తిడి 470 మెగాపాస్కల్‌ల దాకా పోతుంది, మెత్తటి ఇనుము అక్కడ నిలవదు. అందుకే క్రోమియం, మాలిబ్డినం కలిసిన ఉక్కు కావాలి. మన దగ్గర ఈఎన్ 19, ఈఎన్ 24 అనే పేర్లతో గుండ్రటి కడ్డీలుగా దొరికేవి ఇందుకు సరైనవి. ఈఎన్ 19ని 850 డిగ్రీల చుట్టుపక్కల వేడిచేసి నూనెలో ముంచుతారు. అప్పుడు అది గట్టిపడుతుంది, పెళుసుగానూ మారుతుంది. తర్వాత తక్కువ వేడిలో మళ్ళీ కాల్చి ఆ పెళుసుతనం తీసేస్తారు. గట్టిదనం ఎంత ఉంచాలి, ఎంత వదులుకోవాలి అన్నది ఈ రెండో కాల్పులోనే తేలుతుంది. విరిగే ముందు కొంచెం మెలితిరిగి హెచ్చరించే ఉక్కే పనివాడి చేతికి మేలు.

అర అంగుళం మొన చేయాలంటే ముందు కడ్డీ ఎంత లావుది తీసుకోవాలి? 12.7 మిల్లీమీటర్ల చతురస్రం మూల నుంచి మూలకు 17.96. అంటే 18 మిల్లీమీటర్ల కడ్డీ నుంచి పూర్తి మూలలతో చతురస్రం వస్తుంది. మిల్లింగ్ మిషన్ మీద డివైడింగ్ హెడ్‌లో బిగించి, ఒక పలక కోసి, 90 డిగ్రీలు తిప్పి రెండోది, అలా నాలుగూ కోస్తారు. మైక్రోమీటర్‌తో ఎదురెదురు పలకలు రెండు జతలూ చూస్తారు. నాలుగు పలకలూ కడ్డీ ఇరుసుకు సమాన దూరంలో ఉండాలి, లేకపోతే మొన వంకరగా తిరుగుతుంది. పనితనం బయటపడేది మొన వెళ్ళి ఒంటిని కలిసే చోట. అక్కడ నేరుగా మెట్టు కోసి వదిలేస్తే పదేపదే బిగించిన తర్వాత పగులు అక్కడే పుడుతుంది. అందుకే మంచి టర్నర్ ఆ మూలలో చిన్న గుండ్రటి వంపు వదులుతాడు. ఆ వంపును చూసే నేను అడాప్టర్‌ను అంచనా వేస్తాను. సాకెట్ జారిపడకుండా పట్టుకునే చిన్న బంతి, దాని వెనక స్ప్రింగు టార్క్‌ను మోయవు. వర్క్‌షాపులో చేసుకునే అడాప్టర్‌లో అవి లేకపోయినా కొలతకు లోటు లేదు.

గుంట చేయడం ఇంకా కష్టం. పెద్ద కర్మాగారాల్లో బ్రోచ్‌తో ఒకే తోపులో తొలుస్తారు. చిన్న షాపులో స్లాటింగ్ మిషన్ గానీ వైర్‌కట్ గానీ ఉంటే సరి. ఏదీ లేకపోతే డ్రిల్లు, నలుచదరపు ఆకురాయి, ఓపిక. నడుమ పలక కొలతకు దగ్గరగా రంధ్రం వేసి, నాలుగు మూలల్లో చిన్న రంధ్రాలు వేస్తారు. ఆకురాయికి పని తగ్గుతుంది, లోపలి మూల పదునుగా మిగలక పగులు పుట్టే చోటూ తగ్గుతుంది. ఆకురాయి నాలుగు పలకలనూ సమంగా తీస్తోందో లేదో చూడటానికి, మొనకు పలచగా నీలం రంగు పూసి గుంటలోకి తోసి తీస్తారు. రంగు అంటిన చోట మాత్రమే మళ్ళీ రాస్తారు. నాలుగు పలకల మీదా రంగు ఒకేలా అంటినప్పుడు పని అయినట్టు. చేత్తో చేసిన గుంటలో ఇంతకంటే అందమైన రుజువు లేదు.

నాకు మరీ ఇష్టమైన అడాప్టర్ పాత క్లచ్ ప్లేటు నుంచి పుట్టేది. గేర్‌బాక్సు షాఫ్టు తిరగడానికి ఎంత బలం కావాలో కొలవాలంటే దాని స్ప్లైన్ పళ్ళను పట్టుకోవాలి. కొత్తగా స్ప్లైన్ కోయించాలంటే ఖర్చు, సమయం. కానీ ఆ షాఫ్టు మీదే పనిచేసి అరిగి పక్కన పడేసిన క్లచ్ ప్లేటు నడుమ సరిగ్గా ఆ పళ్ళే ఉన్న హబ్బు ఉంటుంది. రాపిడి పొర అరిగిందంటే పళ్ళు అరిగినట్టు కాదు. రివెట్లు కోసి హబ్బును విడదీస్తారు. హబ్బు లోపలి వ్యాసానికి సరిపోయేలా లేత్ మీద ఒక మొల తిప్పి, దాని నడుమ చతురస్రపు గుంట ఉన్న పాత సాకెట్ ముక్కను ఇరుసు తప్పకుండా నిలబెట్టి వెల్డు చేస్తారు. ఇక్కడ తొందర పనికిరాదు. క్రోమ్ పూత ఉన్న సాకెట్ అయితే పూతను పూర్తిగా గీరేయాలి, వెల్డు వేడికి దాన్నుంచి లేచే పొగ ఊపిరితిత్తులకు విషం. అందుకే పూత లేని నల్లటి ఇంపాక్ట్ సాకెట్ మేలు. గట్టి ఉక్కును చల్లగా ఉండగానే వెల్డు చేస్తే పక్కన పగులుతుంది. ముందుగా వేడిచేసి, తక్కువ హైడ్రోజన్ రాడ్డుతో ఎదురెదురుగా చిన్న చిన్న టాకులు వేసి, తర్వాత పూర్తిచేసి, బూడిదలో గానీ సున్నప్పొడిలో గానీ పెట్టి మెల్లగా చల్లారనిస్తారు. చివర్లో డయల్ గేజి పెట్టి తిప్పి చూస్తారు. ముల్లు ఎంత తక్కువ ఊగితే ఆ చేయి అంత గొప్పది.

మొదట చెప్పిన హబ్బు స్టడ్ల సంగతికి వస్తే, లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఉన్న బండిలో ఒక చక్రం నేల మీద ఉండగా పైకి లేపిన రెండో చక్రాన్ని తిప్పడానికి ఎంత టార్క్ కావాలో చూసి, లోపలి క్లచ్చుల ఆరోగ్యం తెలుసుకుంటారు. అందుకు హబ్బు స్టడ్లకు బిగించే ఒక గుండ్రటి పలక, దాని నడుమ చతురస్రపు గుంట చాలు. చేయడం తేలిక, కానీ గుంట స్టడ్ల వృత్తానికి నడిమధ్యలో ఉండాలి. మోటార్‌సైకిళ్ళ గాడుల నట్టుకు మందమైన గొట్టం ముందు భాగంలో నాలుగు పళ్ళు మిగిల్చి మిగతాది కోసేసి, వెనక నట్టు వెల్డు చేసిన సాకెట్లు మన మెకానిక్కుల పెట్టెల్లో కనబడుతూనే ఉంటాయి.

ఇదే ఆలోచనకు కొత్త తరం రూపం డిజిటల్ టార్క్ అడాప్టర్. రాట్చెట్‌కూ సాకెట్‌కూ మధ్య పెడితే తెర మీద అంకె చూపుతుంది. లోపల ఉన్నది 1938లో అమెరికాలో ఎడ్వర్డ్ సిమన్స్, ఆర్థర్ రూజ్ వేర్వేరుగా కనిపెట్టిన స్ట్రెయిన్ గేజి. మెలితిరిగే ఉక్కు మీద సాగుదల, కుదింపు 45 డిగ్రీల వాలులో ఎక్కువ. అందుకే గేజిలను ఆ వాలులో అతికిస్తారు. నాలుగింటిని ఒక వలయంగా కలిపితే పక్కవంపు, ఎండవేడి తెచ్చే తేడాలు చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అక్కడా ఉక్కు ముక్క ఎంత నిక్కచ్చిగా ఉందన్నదే మొదటి ప్రశ్న.

కొనేవారికి నాలుగు మాటలు. ఒకే ముక్కలో ఉన్నది తీసుకోండి. మొన మొదట్లో వంపు ఉందో చూడండి. మీ రెంచ్‌కు తొడిగి పక్కకు ఊపి ఎంత ఒరుగుతుందో చూడండి. ఇంపాక్ట్ గన్నుకు నల్లటిది, చేతికి మెరిసేది వాడినా, ఒకసారి గన్ను దెబ్బలు తిన్నదాన్ని కొలతకు వాడకండి. చేయించుకున్నదైనా కొన్నదైనా పరీక్షించడం సులువు. రెండు వైపులా సమంగా ఉన్న ఒక కడ్డీ నడుమ చతురస్రం పెట్టి, ఒక మీటరు దూరంలో 10 కిలోల బరువు వేలాడదీస్తే 98 న్యూటన్ మీటర్లు వస్తాయి. ఆ బరువును రెంచ్‌తో నేరుగా ఒకసారి, అడాప్టర్ మధ్యలో పెట్టి ఇంకోసారి ఎత్తి చూడండి. రెండు అంకెలూ కలిస్తే అది మంచి అడాప్టర్.

విజయవాడ ఆటోనగర్ నుంచి ఊరి చివరి చిన్న షెడ్డు దాకా ఈ ముక్కలు చేయగలిగిన చేతులు మన దగ్గర ఉన్నాయి. ఐటీఐ ఫిట్టర్ శిక్షణలో పిల్లలు ఆకురాయితో చతురస్రపు మొన, దానికి సరిపోయే గుంట చేసి జత కలపడం నేర్చుకుంటారు. మార్కులు వేశాక ఆ జత చాలాసార్లు తుక్కులోకి పోతుంది. ఆ అభ్యాసాన్ని ఈఎన్ 19 ముక్క మీద ప్రామాణిక కొలతకు చేయించి, పదును పెట్టించి, ఎంత టార్క్ దాకా వాడొచ్చో దాని మీద చెక్కించాలని బోధకులను కోరుతున్నాను. విద్యార్థి బయటికి వెళ్ళేటప్పుడు చేతిలో సర్టిఫికెట్‌తో పాటు తాను చేసిన, పనికొచ్చే ఒక అడాప్టర్ కూడా ఉంటుంది.